దిగుమతి అల్లుడు

రాళ్ళపూడి ప్రాంతానికి సముద్రం లేదన్న సంగతి సామ్రాజ్యమ్మకు చిన్నప్పటినుంచీ తెలుసు. ప్రభుత్వానికి మాత్రం జిల్లా ఏర్పడిన మరుసటేడు, స్వావలంబన మిషన్ వాళ్ళు పటం పరిచి చూసుకున్నప్పుడు తెలిసింది. తెలియగానే అందరూ అదిరిపడ్డారు.

సామ్రాజ్యమ్మది బస్టాండు ఎదురుగా టిఫిన్ హోటలు. భర్త పోయిన నెలలోనే పొయ్యి మళ్ళీ వెలిగించి, రెక్కలు ముక్కలు చేసుకుని నిలబెట్టుకున్న హోటలు అది. కూతురు నీలవేణి గల్లాపెట్టె దగ్గర కూర్చునేది. లైసెన్సున్న వ్యాపారులంతా టౌన్‌హాలుకి రావాలని కబురొస్తే, ఎదర మురుక్కాలవ గురించి కాబోలని సామ్రాజ్యమ్మ హోటలు పెందలాడే కట్టేసి వెళ్ళింది.

వేదిక మీద మిషన్ సంచాలకుడు అనంతపద్మనాభం ఉన్నాడు. రాజధాని నుంచి బదిలీ మీద వచ్చినాయన. పలచటి మనిషి. ఆయన మాట మాత్రం చాలా దట్టంగా ఉంటుంది.

"సోదర సోదరీమణులారా! మనం ఒక వ్యూహాత్మక ప్రమాదపు అంచున నిలబడి ఉన్నాం. ఈ జిల్లా ప్రజానీకం భుజించే లవణంలో ప్రతి రేణువూ పొరుగునున్న కొత్తకాలవ జిల్లా నుంచి వస్తోంది. రేపు వారు సరఫరా నిలిపివేస్తే మన పరిస్థితి ఏమిటి?"

అంతవరకు ఎవరికీ ఆ భయం లేదు. ఇప్పుడు పుట్టింది. సామ్రాజ్యమ్మ లేచి నిలబడింది.

"ఎందుకాపుతారండీ? వాళ్ళు అమ్ముకునేదేగా?"

అనంతపద్మనాభం ఆమె వంక జాలిగా చూశాడు. "గమనించారా? ఈ అమాయకత్వమే మన ప్రథమ బలహీనత. ఇందుకే మనం పెట్టుబడి పెట్టాలి."

"అమాయకత్వంలోనా అండీ?"

"స్వావలంబనలో!" అన్నాడాయన. ముందు వరుసలోని ఉద్యోగులు చప్పట్లు కొట్టారు.

జిల్లాకు కావలసిన ప్రతి వస్తువూ జిల్లాలోనే తయారు కావాలి. అందుకోసం మిషన్ వాటాలు జారీ చేసింది. వాటాలు కొనడం పూర్తిగా స్వచ్ఛందమని సంచాలకుడు స్పష్టం చేశాడు. కొనని పక్షంలో వచ్చే ఏడు లైసెన్సు ఇవ్వడం కూడా మిషన్‌కు స్వచ్ఛందమే అవుతుందన్నాడు. కొత్త ఫ్రిజ్ కోసం దాచుకున్న డబ్బు పట్టుకెళ్ళి సామ్రాజ్యమ్మ ఉప్పు సంస్థలో పెట్టింది. 'వ్యూహాత్మక పెట్టుబడిదారు' అని రాసిన అట్టముక్కను ఆమె చీరకు పిన్నీసుతో తగిలించారు. ఆ పిన్నీసు బయటి సరుకని ఎవరో కనిపెట్టడంతో దాన్ని పీకేసి, అట్టను తుమ్మజిగురుతో అంటించారు. చీర పాడైంది.

ఊరికి ఉత్తరాన రాళ్ళు పేల్చి పెద్ద గొయ్యి తవ్వారు. 'జిల్లా సముద్రం' అని బోర్డు పెట్టారు. బోరు వేసి నీళ్ళు నింపి, ఉప్పు తేలుతుందని ఎదురు చూశారు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. సముద్రం మొదలవడానికి కొంత ఉప్పు అవసరమని నిపుణులు తేల్చాక, కొత్తకాలవ నుంచి లారీల మీద ఉప్పు తెప్పించి అందులో పోశారు. అది తినే ఉప్పు కాదు, పెట్టుబడి ఉప్పు గనక దిగుమతి కిందికి రాదని మిషన్ వివరణ ఇచ్చింది. ఎండాకాలం పోయాక గొయ్యి అడుగున ఉప్పు గీకితే పోసినదాంట్లో సగం కూడా రాలేదు. మిగతా సగాన్ని భూగర్భ నిల్వగా ప్రకటించారు. చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు ఉప్పగా మారి, పప్పులో విడిగా ఉప్పు వేసే పని తప్పింది. ప్రతి ఇంటికీ నేరుగా ఉప్పు సరఫరా చేస్తున్న ఏకైక జిల్లా మనదేనని అనంతపద్మనాభం వార్షిక సభలో చెప్పాడు.

ఆ తర్వాత కొబ్బరికాయల వంతు వచ్చింది. కొత్తకాలవ నుంచి వచ్చే దారిలో వాగు మీది తూము దగ్గర చెక్‌పోస్టు పెట్టి కొబ్బరికాయల్ని ఆపేశారు. చట్నీకి బదులు ఏం చెయ్యాలంటే, మొలకెత్తిన తాటిటెంకలో ఊరే బుర్రగుంజు రుబ్బుకోమని మిషన్ సలహా ఇచ్చింది. రాళ్ళపూడిలో రాళ్ళ తర్వాత ఎక్కువగా ఉన్నవి తాటిచెట్లే. ఆ చట్నీ తియ్యగా, మెత్తగా, నోట్లో దూది పెట్టుకున్నట్టుగా ఉండేది. బస్సు దిగినవాళ్ళు ఒక ముద్ద తిని, ఏమీ అనకుండా మళ్ళీ అదే బస్సు ఎక్కేవాళ్ళు.

అమ్మే ప్రతి వస్తువులోనూ అరవై శాతం స్థానికాంశం ఉండాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. దాన్ని తనిఖీ చేసే పని బసవేశ్వరరావుకు పడింది. బసవేశ్వరరావు ఆ ఊరివాడే. బడికెళ్ళే రోజులనుంచీ సామ్రాజ్యమ్మ చేతి దోసెలు తిని పెరిగినవాడు. అతనికొక అలవాటుంది. మెడలో గుర్తింపు కార్డు వేసుకుంటే ప్రభుత్వం, తీసేస్తే బసవడు. ఒకరోజు పొద్దున కార్డు వేసుకునే వచ్చి కూర్చున్నాడు.

"ఈ దోసెలో స్థానికాంశం ఎంత పిన్నీ?"

"చిల్లులన్నీ ఇక్కడివే బసవా," అంది సామ్రాజ్యమ్మ, అట్లకాడ ఆడిస్తూ.

అతను దోసెను వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు. చిల్లులు అరవై శాతానికి తక్కువ లేవు. సంతృప్తిగా తిని వెళ్ళాడు.

ఇంతవరకు సామ్రాజ్యమ్మ నవ్వుతూనే భరించింది. నవ్వు పోయింది నీలవేణి పెళ్ళి విషయంలో.

పెళ్ళికొడుకు పేరు భార్గవ్. కొత్తకాలవలో మోటార్లకు రాగి తీగ చుట్టి వైండింగ్ చేస్తాడు. హోటలు గ్రైండరు మోటారు కాలిపోయినప్పుడు మొదటిసారి వచ్చాడు. తర్వాత గ్రైండరు చెడకపోయినా వచ్చి దాని యోగక్షేమాలు కనుక్కుని వెళ్ళేవాడు. గ్రైండరు వంటగదిలో ఉంటే ఇతను గల్లాపెట్టె వైపు చూస్తూ ఎందుకు పలకరిస్తున్నాడో సామ్రాజ్యమ్మ త్వరగానే పోల్చుకుంది. కూతుర్ని అడిగింది. నీలవేణి చిల్లర లెక్కపెడుతున్నట్టు తల దించుకుని, "నేను నిన్నొదిలి వెళ్ళనమ్మా. అతను ఇక్కడికి వచ్చేట్టయితేనే," అంది. భార్గవ్ వాళ్ళమ్మ కాసులమ్మకు పెద్దకొడుకు దగ్గరే ఉన్నాడు గనక ఆవిడ అడ్డు చెప్పలేదు. "ఎక్కడైతే ఏవుంది వదినా, మధ్యలో తూమేగా," అంది. ఇల్లరికానికి ఒప్పందమైంది. ముహూర్తం పెట్టుకున్నారు. కార్డులు అచ్చయ్యాయి.

మొదటి కార్డు బసవేశ్వరరావుకే ఇచ్చింది సామ్రాజ్యమ్మ. అతను దోసె తింటూనే సంబరంగా అందుకుని చదివాడు. చదువుతూ చదువుతూ నమలడం ఆపేశాడు. జేబులోంచి గుర్తింపు కార్డు తీసి మెడలో వేసుకున్నాడు.

"పెట్టుబడిదారు గారూ," అన్నాడు, గొంతు మార్చి. "ఈ వరుడు తూముకు అవతలివాడా?"

"నీకు తెలీదా ఏంట్రా? మొన్న నీ టేబుల్ ఫ్యాను బాగు చేసింది అతనేగా?"

"పెళ్ళయ్యాక వధువు అవతలికి వెళ్తుందా, వరుడు ఇవతలికి వస్తాడా?"

"ఇల్లరికం రా. ఇక్కడికే వస్తాడు."

బసవేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. "అయితే ఇది దిగుమతి."

సామ్రాజ్యమ్మ చేతిలోని గరిటె పిండిగిన్నెలోకి జారిపోయింది. అతను కార్డు తీసేసి, లేచి వంటగదిలోకి వచ్చి, మామూలు గొంతుతో గుసగుసగా అన్నాడు. "పిన్నీ, నా చేతుల్లో లేదు. నేను చూడనట్టు ఊరుకున్నా చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తారు. పెళ్ళిబట్టల్లో ఆపితే ఇంకా అప్రదిష్ట. ముందే ఒకసారి సార్‌ని కలుద్దాం పద."

మర్నాడు సామ్రాజ్యమ్మ, నీలవేణి, భార్గవ్ ముగ్గురూ మిషన్ ఆఫీసుకు వెళ్ళారు. భార్గవ్‌ను చెక్‌పోస్టు దాటించడానికి, పరీక్ష కోసం తెచ్చిన నమూనా అని బసవేశ్వరరావు చెప్పాడు. అనంతపద్మనాభం వాళ్ళను ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు.

"వివాహం శుభప్రదం. నేను వివాహానికి వ్యతిరేకిని కాను. అయితే ఒక జిల్లా తన అల్లుళ్ళ కోసం పరాయి జిల్లాపై ఆధారపడటం ఎంత ప్రమాదకరమో ఆలోచించండి. రేపు కొత్తకాలవ వారు అల్లుళ్ళ సరఫరా నిలిపివేస్తే?"

"మాకు ఒక్కడు చాలండీ," అంది సామ్రాజ్యమ్మ.

"ప్రతి కుటుంబమూ అదే అంటుంది. సరే, నిబంధన ప్రకారం చూద్దాం. వరుడి స్థానికాంశం అరవై శాతానికి చేరితే నాకు అభ్యంతరం లేదు."

బసవేశ్వరరావు ఉత్సాహంగా ముందుకొచ్చాడు. "వరుడి తల్లి పుట్టిల్లు మన తాళ్ళమిట్టే సార్. అంటే సగం స్థానికం. యాభై శాతం ఇక్కడే వచ్చేసింది!"

"తొందరపడకండి. ఆమె ఈ ప్రాంతాన్ని వీడేనాటికి జిల్లా అవతరించలేదు. కనుక ఆమె ముడిసరుకుగా తరలిపోయింది. కొత్తకాలవలో విలువ జోడింపు జరిగింది. ఇప్పుడు పూర్తయిన సరుకు రూపంలో మనకే తిరిగి వస్తోంది. పరాయి పాలనలో మన పత్తికి పట్టిన గతి సరిగ్గా ఇదే." ఆయన గొంతు బొంగురుపోయింది. "మానవతా దృక్పథంతో ఇరవై ఇస్తాను."

భార్గవ్ నెమ్మదిగా నోరు తెరిచి చూపించాడు. "దవడ పన్నుకి సిమెంటు ఈ ఊళ్ళోనే పెట్టించుకున్నానండీ."

సంచాలకుడు లేచి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, ఆ పన్ను శ్రద్ధగా పరిశీలించాడు. "అర శాతం."

"మా హోటల్లో ఎన్ని దోసెలు తిన్నాడో లెక్కలేదు," అంది నీలవేణి. "అవన్నీ ఒంటికి పట్టలేదా సార్?"

"పట్టి ఉండవచ్చు. అయితే ఆ దోసెల్లో స్థానికాంశం చిల్లుల రూపంలో ఉందని మా తనిఖీ నివేదిక చెబుతోంది. చిల్లులు ఒంటికి పట్టవు."

ఏం కూడినా పాతిక దాటలేదు. అనంతపద్మనాభం కుర్చీలో వెనక్కి వాలి, రెండు మార్గాలు సూచించాడు. మొదటిది, అమ్మాయినే అవతలికి పంపడం. అది ఎగుమతి. ఎగుమతులకు ప్రోత్సాహకం ఉంది, ప్రశంసాపత్రం కూడా ఇస్తారు. రెండోది, స్థానిక ప్రత్యామ్నాయం. మిషన్ ఆధ్వర్యంలో పూర్తిగా జిల్లాలోనే తయారైన వరుడి నమూనా ఒకటి రూపుదిద్దుకుంటోంది. ప్రస్తుతం అతను ఇంటర్మీడియెట్ పరీక్షలకు మూడోసారి సిద్ధమవుతున్నాడు.

కూతురి చెయ్యి సామ్రాజ్యమ్మ చేతిలో చల్లగా ఉంది. నీలవేణి పసిపిల్లగా ఉన్నప్పుడు, పొయ్యికి దూరంగా గోనెసంచి మీద పడుకోబెట్టి, ఒక కన్ను దోసె మీద, ఒక కన్ను పిల్ల మీద పెట్టుకుని గడిపిన పొద్దులు గుర్తొచ్చాయి.

"పెట్టుబడిదారునని చెప్పి నా చీరకి జిగురు పూసి మరీ అంటించారు కదండీ," అంది. "మీ ఉప్పులో పెట్టింది ఏపాటి సార్? ఈ పిల్లే నా పెట్టుబడంతా. దీన్ని ఎగుమతి చెయ్యమంటారా? పైగా దానికి ప్రశంసాపత్రమా?"

ఆవిడకు కోపం అప్పుడు వచ్చింది.

"ఇంతకీ తమరిదే ఊరండీ?"

"నేనా? రాజధాని."

"మరి తమరి స్థానికాంశం ఎంతండీ?"

బసవేశ్వరరావుకు పొలమారింది. అనంతపద్మనాభం ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. ఈ ప్రశ్నకు జవాబు ఆయన ఎప్పుడో సిద్ధం చేసుకున్నట్టున్నాడు.

"సున్నా. కాని నేను ప్రభుత్వ యంత్రాంగాన్ని. ఉత్తర్వులోని పద్నాలుగో నిబంధన చూడండి. జిల్లాలో తయారు కాని యంత్రాలనూ, యంత్రాంగాన్నీ బయటినుంచి తెచ్చుకోవచ్చు. నేనూ, నా కింది అధికారులూ ఆ నిబంధన కిందే చెక్‌పోస్టు దాటాం."

సామ్రాజ్యమ్మ భార్గవ్ వంక చూసింది. నూనె మరకల చొక్కా, వేళ్ళకు రాగి తీగ కోసిన గీతలు.

"అయితే ఇతన్ని కూడా యంత్రమని రాసుకోండి."

ఇది విని అనంతపద్మనాభం నవ్వుతాడని బసవేశ్వరరావు అనుకున్నాడు. ఆయన నవ్వలేదు. కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. ఆయన కష్టం ఆయనకుంది. ఆ నెలాఖరునే పెట్టుబడిదారుల మహాసభ. జిల్లా స్వావలంబనకు ఎన్ని పెట్టుబడులు వచ్చాయో చూడటానికి రాజధాని నుంచి పెద్దలు వస్తున్నారు. చూపించడానికి ఒక్కటీ లేదు. జిల్లాలోని డబ్బంతా గోతిలో ఉప్పై ఉంది. బయటి డబ్బుకు ప్రవేశం లేదు. కారం మర పెడతానని సంచీ నిండా డబ్బుతో వచ్చిన ఒకాయనను బసవేశ్వరరావే చెక్‌పోస్టు దగ్గర పట్టుకుని, ఆ నోట్లలో స్థానికాంశం లేదని వెనక్కి పంపేశాడు.

"మోటార్లను బాగు చేస్తావా?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"కాలిపోయినవాటికి మళ్ళీ ప్రాణం పోస్తానండీ," అన్నాడు భార్గవ్.

"అంటే యంత్రాలకు జన్మనిచ్చే యంత్రం." ఆయన గిరుక్కున తిరిగాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "మాతృయంత్రం!"

"మగపిల్లాడండీ," అంది సామ్రాజ్యమ్మ.

"పితృయంత్రం," అని దిద్దుకున్నాడు అనంతపద్మనాభం. "బసవేశ్వరరావు గారూ, రాసుకోండి. జిల్లాకు తొలి భారీ యంత్ర పెట్టుబడి. ప్రతిష్ఠాపన మహాసభ రోజునే."

అలా పెళ్ళి ముహూర్తమూ ప్రారంభోత్సవమూ ఒకటయ్యాయి.

పెళ్ళిరోజు పొద్దున మగపెళ్ళివారి వ్యాను తూము దగ్గర ఆగింది. యంత్రం గనక తూకం వెయ్యాలన్నారు. ఇసుక లారీలు తూచే కాటా మీదికి వ్యానును ఎక్కించి పెళ్ళికొడుకుతో సహా ఒకసారి, అతన్ని దింపి ఒకసారి తూచారు. కాసులమ్మ వ్యానులో కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఎవరికీ తెలియలేదు. బసవేశ్వరరావు కొత్త చొక్కా మీద గుర్తింపు కార్డు వేసుకుని చెమటలు కక్కుతున్నాడు.

"ఏమనుకోకు బావా. అశ్వశక్తి ఎంతో రాయాలంట."

భార్గవ్ బాసికం సర్దుకుంటూ ఆలోచించాడు. "లేవగానే అర. టిఫిను పడ్డాక ఒకటి."

"తయారీ సంవత్సరం?"

"అది మా అమ్మని అడుగు."

ఇంతలో నీలవేణి స్కూటరు మీద వచ్చింది. పెళ్ళికూతురు ఊరి బయటికి రాకూడదని పెద్దలంతా వారిస్తున్నా, పట్టుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని వచ్చేసింది. కాటా పక్కన నిలబడ్డ భార్గవ్‌ను చూసి ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నుదుట బాసికం, మెడలో పూలదండ, దండకు వేలాడుతూ 'జాగ్రత్తగా దించవలెను' అన్న చీటీ.

"మిమ్మల్ని ఇలా బజార్న నిలబెట్టాం," అంది. "ఇప్పటికైనా మించిపోయింది లేదు. వెనక్కి వెళ్ళిపోతానంటే నేనేమీ అనుకోను."

"వెనక్కి ఎలా పంపిస్తారు? తూకం అయిపోయాక తిరిగి తీసుకోరు," అన్నాడు భార్గవ్. తర్వాత గొంతు తగ్గించి, "గ్రైండరు బాగానే ఉందని నాకు తెలుసు. అయినా వచ్చేవాణ్ణి. ఎందుకొచ్చేవాణ్ణో వీళ్ళ కాగితాల్లో రాయడానికి గడి లేదు. అంతే," అన్నాడు.

నీలవేణి దండకున్న చీటీని తెంపబోయి, మనసు మార్చుకుని, దాన్ని తిన్నగా సర్ది వెళ్ళిపోయింది.

పందిట్లో రాజధాని పెద్దలు మొదటి వరుసలో కూర్చున్నారు. అనంతపద్మనాభం మైకు అందుకుని స్వావలంబన గురించి, వ్యూహాత్మక లోతు గురించి, యంత్రశక్తి గురించి ప్రసంగం మొదలుపెట్టాడు. పురోహితుడు రెండుసార్లు దగ్గాడు. మూడోసారి దగ్గలేదు, లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ముహూర్తం దాటిపోతోంది. తమరు ఆపకపోతే ఈ యంత్రం మళ్ళీ శ్రావణంలోనే తిరుగుతుంది."

పెద్దలు గబగబా లేచి తెర స్థానంలో కట్టిన రిబ్బను కత్తిరించారు. భార్గవ్ తాళి కట్టాడు. మేళం మోగింది. సామ్రాజ్యమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఫొటో మర్నాడు పత్రికలో 'ఆనందబాష్పాలు రాలుస్తున్న పెట్టుబడిదారు' అన్న పేరుతో వచ్చింది. హోటలు గోడకు నాపరాయి ఫలకం బిగించారు. ఈ యంత్రమును ఫలానావారు ప్రతిష్ఠించిరని దానిమీద చెక్కించారు. నీలవేణి ఆ ఫలకానికి రోజూ పసుపు కుంకుమ పెట్టేది.

హోటలు పక్క రేకుల షెడ్డులో భార్గవ్ కొట్టు తెరిచాడు. మిషన్ మొదలుపెట్టిన వాటన్నిటిలో నిజంగా నడిచింది అదొక్కటే. కాలిపోయిన బోరు మోటార్లు, మూలపడ్డ మిక్సీలు బండ్ల మీద వచ్చేవి, తిరుగుతూ వెళ్ళేవి. కొన్నాళ్ళకు బసవేశ్వరరావు కార్డు వేసుకుని వచ్చి, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"వాణిజ్య ఉత్పత్తి ఎప్పుడు మొదలవుతుందో కనుక్కోమన్నారమ్మా."

"మోటార్ల సంగతా అన్నయ్యా, ఇంకోటా?" అంది నీలవేణి.

"పైనుంచి స్పష్టత రాలేదమ్మా."

"స్పష్టత వచ్చాక రా. మాకేం తొందర్లేదు," అందామె. షెడ్డులోంచి భార్గవ్ నవ్వు వినిపించింది.

పెద్దలకు ప్రారంభోత్సవం బాగా నచ్చింది. మొత్తం రాష్ట్రాన్ని ఇదే బాటలో నడిపించమని అనంతపద్మనాభాన్ని పదోన్నతి మీద రాజధానికి పిలిపించారు. సన్మానం జరిగింది. శాలువా కప్పారు. ఆయన బాధ్యతల కాగితాలు ఆఫీసులో అప్పగించి, సామానుతో కారెక్కి తూము దగ్గరకు వెళ్ళాడు. చెక్‌పోస్టు గేటు ఎత్తలేదు.

"ఏమిటిది బసవేశ్వరరావు గారూ?"

"నిబంధన సార్. పద్నాలుగో దాంట్లో రెండో భాగం. మినహాయింపు మీద జిల్లాలోకి తెచ్చిన యంత్రాలూ యంత్రాంగమూ అయిదేళ్ళదాకా జిల్లా దాటకూడదు. రాయితీ తీసుకుని పారిపోతారని తమరే రాయించారు."

"అది నా నిబంధనే! నేనే సడలిస్తున్నాను."

"పొద్దున చార్జి అప్పగించేశారు కద సార్. ఇప్పుడు తమరి సంతకం చెల్లదు. కొత్త సంచాలకుడు వచ్చి సడలించాలి."

"ఆయన రావడానికి ఏం?"

"వచ్చారు సార్. నిన్న సాయంత్రం ఇక్కడిదాకా వచ్చారు." బసవేశ్వరరావు బాధగా తల వంచుకున్నాడు. "జిల్లాలో దొరకని యంత్రాన్నే బయటినుంచి తెచ్చుకోవాలి. అదే రకం యంత్రం తమరి రూపంలో ఇప్పటికే జిల్లాలో ఉంది. వెనక్కి పంపక తప్పలేదు."

అనంతపద్మనాభం కారు దిగి, అవతలి ఒడ్డు వైపు చూశాడు. అక్కడ కొబ్బరికాయల లారీ ఒకటి గేటు కోసం నిలబడి ఉంది. ఆయన జీవితంలో మొదటిసారి ఏమీ మాట్లాడకుండా చాలాసేపు నిలబడ్డాడు.

ఆయన్ను విడిపించమని రాజధానికి ఉత్తరాలు వెళ్ళాయి. పదోన్నతి పొందిన అధికారి కొత్త చోట చేరనందుకు సంజాయిషీ కోరుతూ జవాబు వచ్చింది. ప్రభుత్వ బంగళా ఖాళీ చెయ్యమన్నారు. ఆయన బస్టాండు వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని, తిండికి సామ్రాజ్యమ్మ హోటలుకు రావడం మొదలుపెట్టాడు. మొదటిరోజు ఇడ్లీ పక్కన తెల్లగా ఉన్నదేమిటని అడిగాడు.

"తమరు చెప్పిన బుర్రగుంజు చట్నీయే సార్," అంది సామ్రాజ్యమ్మ.

ఆయన వేలితో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. కాసేపు నమిలాడు. "ఇన్నాళ్ళూ దీన్ని జనం తిన్నారా?"

"లేదు సార్. వడ్డించాం, అంతే."

ఆయన తలెత్తలేదు. మాట చెప్పే ఉద్యోగం పోయిన మనిషికి పొద్దు గడవడం ఎంత కష్టమో సామ్రాజ్యమ్మకు ఆ వంగిన మెడ చూస్తే అర్థమైంది. కోపం తెచ్చుకోవాలని చూసింది గాని రాలేదు. లోపలికి వెళ్ళి, ఇంట్లోవాళ్ళ కోసం చేసుకున్న అల్లప్పచ్చడి తెచ్చి ఆయన పళ్ళెంలో వేసింది.

"తినండి. తిని, ఊరికే గదిలో కూర్చోకండి. మా అల్లుడికి చేతికింద మనిషి కావాలంటున్నాడు. తీగ చుట్టడం ఏమంత కష్టం కాదంట."

"నాకు ఆ పని రాదమ్మా," అన్నాడు అనంతపద్మనాభం. రాజధాని మాట కాదది, మామూలు మాట.

"మా అల్లుడికీ పుట్టుకతో రాలేదు సార్."

భార్గవ్ ఆయనకు స్టూలు వేసి, తీగ ఇచ్చి, చుట్టడం చూపించాడు. ఆయన వేళ్ళు మొదట్లో చిక్కుపడ్డాయి, తెగాయి, కట్లు కట్టించుకున్నాయి. తర్వాత్తర్వాత తీగ వరుసలో పడసాగింది. ఒక మధ్యాహ్నం, హోటలు హాలు గోడకున్న పాత ఫ్యాను మోటారును మొదటినుంచి చివరిదాకా ఆయన ఒక్కడే చుట్టి బిగించాడు. జనం వేడినీ వంటింటి పొగనూ బయటికి తోలే ఫ్యాను అది. బసవేశ్వరరావు కార్డు తీసేసి వచ్చి చూస్తూ నిలబడ్డాడు. కడుపుతో ఉన్న నీలవేణి గల్లాపెట్టె దగ్గరనుంచే మెడ చాచింది.

అనంతపద్మనాభం స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది. తిరిగింది గాని ఉల్టాగా తిరిగింది. పొగను బయటికి పంపాల్సింది పోయి, తూము అవతలి కొబ్బరితోటల మీదుగా వీచే గాలిని ఊరి బయటినుంచి లోపలికి గుంజుకొచ్చి హాలంతా నింపింది.

"రెండు తీగలు తారుమారయ్యాయి. ఒక్క నిమిషం, మారుస్తాను," అన్నాడు ఆయన కంగారుగా, స్క్రూడ్రైవరు కోసం తడుముకుంటూ.

టిఫిన్ చేస్తున్నవాళ్ళు తలలెత్తారు. చల్లటి గాలి చెమట పట్టిన మెడలకు తగిలింది. ఎవరో చొక్కా పైగుండీ విప్పుకున్నారు.

"ఉండనివ్వండి సార్," అంది సామ్రాజ్యమ్మ. "రానివ్వండి."